టీబీ కోర్సు పూర్తి చేశాను: నా అనుభవం

నాది తాపీ పని. దగ్గు తగ్గకపోతే సిమెంటు దుమ్ము వల్లే అనుకున్నారు మా ఇంట్లో. ఒక ప్రైవేటు క్లినిక్‌లో సిరప్పులు, యాంటీబయోటిక్‌లు మార్చి మార్చి ఇచ్చారు తప్ప గళ్ల పరీక్ష మాటే ఎత్తలేదు. మా వీధి ఆశా అక్క మాత్రం వదల్లేదు. "రెండు వారాలు దాటిన దగ్గు తమ్ముడూ, గళ్ల ఇవ్వాల్సిందే" అని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెంటబెట్టుకుని వెళ్లింది.

ట్రూనాట్ మిషన్‌లో టీబీ అని తేలింది. టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమా, మొండి రకమా అన్నది కూడా ఆ మిషన్ మీదే చూస్తారు. నాది లొంగే రకమే. షుగర్‌తో పాటు హెచ్‌ఐవీ పరీక్ష కూడా అనేసరికి గుండె దడదడలాడింది. టీబీ వచ్చిన ప్రతి ఒక్కరికీ చేస్తారని చెప్పాక కుదుటపడ్డాను.

మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. రోజుకెన్ని అన్నది బరువును బట్టి. ఒక్క రూపాయి తీసుకోలేదు. మూత్రం ఎర్రగా వస్తే టెన్షన్ పడొద్దనీ, కళ్లు పచ్చబడితే మాత్రం ఆలస్యం చేయకుండా రమ్మనీ ముందే చెప్పారు. ఇంట్లో అందరినీ పరీక్షించి, ఐదేళ్లలోపు ఉన్న మా పాపకు టీబీ లేదని తేల్చుకున్నాక, రాకుండా ఉండే మందు మొదలుపెట్టారు.

పని ఆగిపోవడమే మమ్మల్ని కుంగదీసింది. కూలి లేకపోతే గుడ్లు, పప్పు ఎక్కడి నుంచి వస్తాయి? టీబీ రోగుల తిండికి ప్రభుత్వం డబ్బు ఇచ్చే నిక్షయ్ పోషణ్ పథకం కింద 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన సాయాన్ని 2024 నవంబరులో వెయ్యి చేశారు. 3,000 చొప్పున రెండు విడతలు, మొదటిది ముందుగానే వేయాలి. నాకు ఆలస్యమైంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలవలేదు, కలపడానికి వెళితే సిమెంటుకు అరిగిన నా వేలిముద్రలు పడలేదు. టీబీ సూపర్‌వైజర్ గారు దగ్గరుండి కంటిపాపతో ఆధార్ సరిచేయించాకే డబ్బు పడింది. చేతిపని చేసుకునే వాళ్లకే ఇలాంటి చిక్కు ఎక్కువ. గళ్ల ఇచ్చిన రోజే ఖాతా కూడా సరిచూస్తే ఎంతమందికో తిండి వేళకు అందుతుంది.

జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లకు తిండి సరుకులిచ్చి చూస్తే, ఇంట్లో మిగతావాళ్లకు టీబీ రావడం సుమారు 40 శాతం తగ్గిందని డాక్టరు గారు చెప్పారు. 2023లో వచ్చిన అధ్యయనం అది. ఆ మాట విన్నాక, మాకు డబ్బు రాని ఆ వారాల్లో పాప ఏం తిన్నదా అని చాలాసేపు ఆలోచించాను.

చివరి గళ్ల పరీక్షలో క్రిమి కనిపించలేదు. బరువు పెరిగాను, పనికి వెళుతున్నాను. ఇంకో రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. మా వీధిలో ఎవరైనా వదలకుండా దగ్గుతుంటే ఇప్పుడు ఆశా అక్కకు నేనే చెబుతున్నాను.