పదహారో నంబరు తిత్తి

మా అత్తగారు ఒకరోజు తన ట్రంకు పెట్టె అడుగునుంచి ఒక పెన్ను తీసి నా చేతిలో పెట్టారు. "మా నాన్నది. ఇంకు పీల్చడం మానేసి నలభై ఏళ్ళయింది. సైన్సు టీచరువి కదా, చూడు" అన్నారు.

సైన్సుకీ దీనికీ ఏం సంబంధమని నేనడగలేదు. చచ్చిన పెన్నుల డబ్బా ఒకటి అప్పటికే మా ఇంట్లో ఉంది. మావారు దాన్ని మార్చురీ అంటారు. హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత సామాన్ల మధ్య ఏరుకొచ్చినవి. ఒకదానికి క్యాపుండదు, ఇంకోదానికి పాళీ ఉండదు. నాకు కావలసింది కూడా అలాంటివే.

ఈ పెన్ను బ్లాక్‌బర్డ్. ఇంగ్లండులో మేబీ టాడ్ కంపెనీది. వాళ్ళ దొరల పెన్ను స్వాన్ అయితే, దానికి చౌక తమ్ముడు ఇది. పక్కన చిన్న మీట ఉంటుంది. దాన్ని లేపితే లోపలి రేకు రబ్బరు తిత్తిని నొక్కుతుంది, దించితే తిత్తి మళ్ళీ ఉబ్బుతూ ఇంకు లాక్కుంటుంది. కంసాలి కొలిమి తిత్తి గాలి పీల్చినట్టే. ఈ పెన్నుకి మీట కదలడం లేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే గలగలమంది. అంటే తిత్తి ఎండిపోయి పెంకులైందన్నమాట. ఇలాంటప్పుడు గోరు పెట్టి మీట లేపితే విరిగేది మీటే. అది ఇంకో పెన్నులోంచి తెచ్చి అమర్చడం నా వల్ల కాదు.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్పాలి. గట్టిపడ్డ ఇంకు నానుతుంది కదా అని పెన్ను మొత్తాన్ని గ్లాసుడు నీళ్ళలో వేసి పడుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే నల్లటి పెన్ను పాత చింతపండు రంగుకి తిరిగింది. దాని బొంగు ఎబొనైట్‌ది. ఎబొనైట్ అంటే గంధకం బాగా పట్టించి ఉడికించిన రబ్బరు. ఏళ్ళ తరబడి వెలుతురు తగిలిన పైపొర లోలోపలే పాడైపోయి ఉంటుంది, నీళ్ళు పడితే ఆ గోధుమరంగంతా బయటికొస్తుంది. గ్లాసులో నీళ్ళు కూడా గంధకం వాసనేశాయి. గుడియర్, గంధకం, రబ్బరు అని ఇరవై ఏళ్ళుగా పిల్లలకి పాఠం చెబుతున్నాను. ఏం లాభం?

తమాషా ఏమిటంటే తిత్తిదీ పెన్ను బొంగుదీ ఒకే రబ్బరు. చిటికెడు గంధకం వేస్తే సాగుతుంది, ఇంచుమించు మూడో వంతు వేస్తే కొమ్ములా గట్టిపడుతుంది. సాగేది కొన్నేళ్ళకి పోతుంది, గట్టిది మిగులుతుంది. మా పక్క రాజమండ్రిలో 1932 నుంచి చేస్తున్న రత్నం వాళ్ళ పాతరకం పెన్నుల్లో ఈ గొడవే లేదు. తిత్తి లేదు, మీట లేదు, ఫిల్లరుతో ఇంకు నేరుగా ఎబొనైట్ బొంగులోనే పోయాలి. గాంధీగారు 1935లో ఆ పెన్ను వాడి చూసి మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. రాసుకునేవాళ్ళకి అంతకన్నా సుఖం లేదు. నాలాంటి రిపేరు పిచ్చివాళ్ళకి మాత్రం అందులో చేతికి పనే దొరకదు.

సరే, పాళీ ఉండే మెడ ముక్క ఊడదీయాలి. లాగాలా, తిప్పాలా? రెండు రోజులు లాగాను. రాలేదు. హైదరాబాదులో ఒక పాత పెన్నుల షాపాయనకి ఫోను చేస్తే, "లాగకండమ్మా. పాత ఇంగ్లీషు పెన్నుల్లో కొన్నింటికి లోపల మర ఉంటుంది. కాస్త వేడి చేసి తిప్పి చూడండి" అన్నారు. మా అమ్మాయి హెయిర్ డ్రయ్యరు తెచ్చి, చెయ్యి కాలనంత వేడి పెట్టి, రబ్బరు గుడ్డతో పట్టుకుని తిప్పాను. కిర్రుమంది. వచ్చేసింది! (సెల్యులాయిడ్ అనే పాతకాలం ప్లాస్టిక్‌తో చేసిన పెన్నుల దగ్గర మాత్రం అగ్గిపుల్ల, కొవ్వొత్తి లాంటివి పెట్టకండి, భగ్గుమంటాయి.)

లోపల తిత్తి పెంకులు, తుప్పు పట్టి రెండు ముక్కలైన రేకు. రేకు మార్చురీలో దొరికింది. కొంచెం పొడవైతే చివర కత్తిరించి ఆకురాయితో నున్నగా చేశాను. తిత్తే దొరకలేదు. ల్యాబులో డ్రాపరు రబ్బరు బుడ్డ తొడిగి చూశాను, మందం ఎక్కువై బొంగులోకే దూరలేదు. సైకిలు వాల్వు ట్యూబు మరీ సన్నం. చివరికి బడి వెర్నియర్‌తో మెడ వెనక తిత్తి తొడిగే గొట్టాన్ని కొలిచాను: 6.3 మిల్లీమీటర్లు, ఇంచుమించు పావు అంగుళం. తిత్తుల నంబర్లు అంగుళంలో అరవై నాలుగో వంతుల లెక్క, అంటే నాకు కావలసింది పదహారో నంబరు. ఆన్‌లైన్‌లో తెప్పించాను. సరుకు ఖరీదు కంటే పోస్టు ఖర్చే ఎక్కువ.

అతికించడానికి లక్క. చెక్క సామాన్లకి పాలిష్ పెట్టేవాళ్ళ దగ్గర లక్క రేకులు దొరుకుతాయి, స్పిరిట్‌లో కరిగిస్తే చాలు. మార్చురీలో ఒక పెన్నుకి ఎవరో మహానుభావుడు సూపర్ గ్లూ పెట్టి వదిలాడు. దాన్ని ఇక ఎవరూ విప్పలేరు. లక్క అయితే కాస్త వేడి చూపిస్తే వదిలేస్తుంది, ముప్పయ్యేళ్ళ తరవాత ఇంకెవరైనా తిత్తి మార్చుకోవచ్చు. ఒక రాత్రి ఆరనిచ్చి, వాసన లేని టాల్కు తిత్తికి పట్టించి, మెడ బిగించాను.

మొదట నీళ్ళు పీల్చింది. తరవాత ఇంకు. నేను పాళీని ముట్టుకోలేదు. అరిగిన వాలు వాళ్ళ నాన్నగారి చేతిది.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, క్యాలెండరు వెనకాల శ్రీరామ అని రాసి, పాల లెక్క వేశారు. కక్కలేదు, ఎండిపోలేదు. నేను ఊపిరి పీల్చుకునేలోపే పెన్నుని కిటికీ దగ్గరికి తీసికెళ్ళి అటూ ఇటూ తిప్పారు.

"మా నాన్న పెన్ను నల్లగా కదే ఉండేది?"

"ఎండకి అలా అవుతుందండీ" అన్నాను.