శ్లాబుకొక కొట్టు, పిట్టగోడకొక బట్టీ

శ్రీకాకుళంలో మా ఇంటి పై అంతస్తు శ్లాబు నిన్న పూర్తయింది. మూడేళ్ల క్రితం ప్రహరీకి సామానంతా ఒకే వ్యాపారి దగ్గర అరువుకు తెచ్చుకుని, ఇసుకలో మట్టి ఎక్కువై పూత పెచ్చులూడడం చూసినవాణ్ణి కనుక, ఈసారి ఒక్కో సరుకుకు ఒక్కొక్కరిని వెతికాను. ఇనుముకు ధర కన్నా తూకమే చూశాను. 12 మిల్లీమీటర్ల ఊచ 12 మీటర్ల పొడవుకు సుమారు 10.66 కిలోలు ఉండాలి కనుక, నా ఎదుటే కాటా వేసిన కొట్టునే ఎంచుకున్నాను. నాగావళి ఇసుకను గాజు గ్లాసులో నీళ్లతో కలిపి ఉంచి, పైన పేరుకున్న ఒండ్రు పొర పలుచగా ఉందని తేలాకే ట్రాక్టరు దింపించాను. పిట్టగోడకు మాత్రం ఊరి బట్టీ ఇటుకే చాలనిపించింది; రెండింటిని తట్టగానే ఖంగుమన్నాయి. సిమెంటు బస్తాపై తయారీ వారం చూడకుండా ఒక్కటీ విప్పనివ్వలేదు, మేస్త్రీగారు విసుక్కున్నా సరే.