సస్క్వహానాలో నడివేసవి ఎర

జూన్ 30 దగ్గరపడుతోందంటే మా ఆఫీసులో అందరికీ ఒకటే టెన్షన్. పెన్సిల్వేనియా రాష్ట్రానికి ఆర్థిక సంవత్సరం ముగిసేది ఆ రోజే. మాలాంటి కాంట్రాక్టు వాళ్ళకి ఎక్స్‌టెన్షన్ వస్తుందా రాదా అన్నది అప్పటికి గాని తేలదు. రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌లో, సస్క్వహానా ఏటికి అవతల మెకానిక్స్‌బర్గ్ వైపు ఉండే తెలుగువాళ్ళలో చాలామందిమి ప్రభుత్వ ప్రాజెక్టుల మీదే బతుకుతున్నాం. హెచ్‌1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మిగిలే గడువు 60 రోజులు. పిల్లాడి స్కూలు, ఇంటి అద్దె, కారు లోను అన్నీ ఆ ఒక్క ఈమెయిల్ మీదే ఆధారపడి ఉంటాయి.

నేను గాలం పట్టుకున్నది అలాంటి ఒక జూన్ నెలాఖరులోనే. మా టీమ్‌లో కోబాల్ అనే పాతకాలపు ప్రోగ్రామింగ్ భాష చూసే పెద్దాయన ఒకరున్నారు. ఇక్కడ ఎవరినైనా పేరు పెట్టే పిలుస్తారు. నాన్న వయసు మనిషిని అలా పిలవడం నాకు ఇన్నేళ్ళయినా నోటికి రాదు, అందుకే ఎదురుగా వెళ్ళి నిలబడి మాట్లాడతాను. ఆ రోజు నేను మెయిల్ తీసి చూడడం, మూసేయడం, మళ్ళీ తీయడం ఆయన గమనించారు. "శనివారం పొద్దున్న 5 గంటలకి ఫోర్ట్ హంటర్ దగ్గరికి రా, పాత బూట్లు వేసుకో, తడుస్తాయి" అన్నారు. మెయిల్ గురించి ఒక్క మాటా అడగలేదు.

హారిస్‌బర్గ్ దగ్గర సస్క్వహానా ఇంచుమించు మైలు వెడల్పు ఉంటుంది. జూలైలో మాత్రం చాలాచోట్ల మోకాలి లోతే. ఏటికి అడ్డంగా రాతి గట్లు, ఒక గట్టు దాటితే చిన్న మడుగు, మళ్ళీ గట్టు. ఫోర్ట్ హంటర్ దగ్గర నీళ్ళలో నిలబడితే దిగువన రాక్‌విల్ బ్రిడ్జి కనపడుతుంది. 1902లో కట్టిన రాతి రైలు వంతెన, 48 కమానులు. మనకి జూలై అంటే ఊడ్పుల కాలం, ఇక్కడ నడివేసవి. ఏట్లో నీళ్ళు తగ్గిపోయి, అద్దంలా తేటపడి, మధ్యాహ్నానికి 80 డిగ్రీలు దాటిపోతాయి. అంటే మన లెక్కలో 27 పైన.

చేపల సంగతి నాకు బొత్తిగా తెలియదని కాదు. కోనసీమలో మా ఇంటి వెనక పంట కాలువ. మావయ్య నాకు ఏడేళ్ళప్పుడే గాలం కట్టడం నేర్పాడు. జెల్లలకి ఎర్రలు, శీలావతికి తవుడు ముద్ద, కొరమీనుకి కప్ప. ఏ చేప ఏం తింటుందో దాన్నే గుచ్చాలి, అందులో ఆలోచించేదేముంది? ఇక్కడ దుకాణానికి వెళితే గోడ నిండా రబ్బరు పురుగులు, రేకు చేపలు, ఈకలు కట్టిన కొక్కేలు. మొదటి నెల నేను రంగు చూసి కొన్నాను. ఊదా రంగులో మెరుపులున్నవి, నియాన్ పచ్చవి, గులాబీవి. మేం గాలం వేసేది స్మాల్‌మౌత్ బాస్ అనే చేపకి. ఒక్కటి కూడా వాటి జోలికి రాలేదు.

మూడో శనివారం ఆయన నా పెట్టె తెరిచి చూసి, ఏమీ అనకుండా నీళ్ళలో వంగి ఒక రాయి తిప్పారు. దాని కింద వేలెడంత జీవి ఒకటి. రొయ్యకి పీత డెక్కలు పెట్టినట్టు ఉంది. క్రేఫిష్ అంటారు. ఆయన దాన్ని వీపు దగ్గర పట్టి నా అరచేతిలో పెట్టారు. వీపంతా పాచి పట్టిన రాయి రంగు, అంటే పచ్చా కాదు గోధుమా కాదు, రెండూ కలిసిన మురికి రంగు. పొట్ట కింద పాలిపోయిన తెలుపు. డెక్కల కొసల్లో మాత్రం సన్నటి నారింజ. చేతిలో ఉన్నంతసేపూ తోకని లోపలికి ముడిచి, ఒక్కసారి చటుక్కున కొట్టుకుని వెనక్కి ఎగిరింది. నీళ్ళలో పడి మళ్ళీ వెనక్కే పారిపోయింది. "స్మాల్‌మౌత్‌కి ఇది అన్నం" అన్నారాయన. అప్పుడు నా పెట్టెలోకి చూసుకుంటే, ఆ రంగున్నది ఒక్కటి కూడా లేదు.

ఆ రోజు ఆయన ఇచ్చినది ట్యూబ్ అనే రబ్బరు ఎర. మూడున్నర అంగుళాల బోలు గొట్టం, ఒక చివర సన్నటి పోగులుగా కత్తిరించిన కుచ్చు. దుకాణంలో ఆ రంగుని గ్రీన్ పంప్‌కిన్ అంటారు. లోపలికి సీసం గుండున్న కొక్కెం దూర్చి, దారం కట్టే కంటిని రబ్బరులోంచి పైకి పొడిచి తీయాలి. ఎగువకి విసిరి, అడుగుకి దిగనిచ్చి, కొద్దిగా ఎత్తి, మళ్ళీ దించాలి. కుచ్చు ఆడుతూ సుడి తిరుగుతూ దిగుతుంది, కుదిపితే వెనక్కి ఎగురుతుంది. అచ్చం ఆ జీవిలాగే.

అందరూ రంగు గురించే అడుగుతారు. నన్నడిగితే రంగు కన్నా బరువు ముఖ్యం. నడివేసవిలో నీళ్ళు తక్కువ, రాళ్ళ మధ్య సందులు ఎక్కువ. పావు ఔన్సు గుండు వేస్తే మూడో విసురుకే సందులో ఇరుక్కుంటుంది. 16వ వంతు వేస్తే వడికి కొట్టుకుపోయి అడుగే తగలదు. 8వ వంతు ఔన్సు, అంటే మూడున్నర గ్రాములు, ఈ ఏటికి సరిపోతుంది. రాయికి తగిలి 'టిక్', జారి మళ్ళీ 'టిక్' అని దారం మీదుగా వేలికి తెలియాలి. ఆ టిక్ ఆగిపోయి దారం బరువెక్కిందంటే అది రాయి కాదు. దారం కూడా సన్నదే ఉండాలి, ఆరు నుంచి ఎనిమిది పౌండ్ల బరువు తట్టుకునే ఫ్లోరోకార్బన్ రకం. ఇంత తేట నీళ్ళలో లావు దారం మనకే కనపడుతుంటే చేపకి కనపడదా?

రాళ్ళలో ట్యూబులు పోగొట్టుకుని విసుగు పుడితే నెడ్ రిగ్ అనే ఎర వేస్తాను. కాన్సస్‌కి చెందిన నెడ్ కేడీ అనే చేపల రచయిత పేరు మీద వచ్చింది. పుట్టగొడుగు తలలాంటి చిన్న గుండు, దానికి రెండున్నర అంగుళాల మొండి రబ్బరు ముక్క. చూడ్డానికి ఏమీ ఉండదు. ఆ రబ్బరు నీటిలో తేలే రకం కాబట్టి అడుగున తోక పైకెత్తి నిలబడుతుంది, డెక్కలెత్తి బెదిరిస్తున్న క్రేఫిష్‌లా. ఆ సాగే రబ్బరుతో ఒక జాగ్రత్త ఉంది. దాన్ని మామూలు ప్లాస్టిక్ ఎరలతో ఒకే అరలో పెట్టకూడదు. నేను పెట్టాను, ఎండలో కారులో వదిలేశాను, సాయంత్రానికి రెండూ కరిగి జిగురు ముద్దయ్యాయి. 20 డాలర్ల పైన పోయింది, పెట్టె కూడా పారేయాల్సి వచ్చింది.

ఎర కన్నా ముందు చోటు. వేడెక్కిన నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది. 15 డిగ్రీల నీళ్ళలో లీటరుకి 10 మిల్లీగ్రాములు పడితే, 27 డిగ్రీల దగ్గర ఎనిమిది కన్నా తక్కువే. అందుకే జూలైలో చేపలు నిలవనీటి మడుగులు వదిలేసి, రాళ్ళ మీద తెల్లగా విరిగి పారే వడి దగ్గరికి చేరతాయి. అక్కడ నీళ్ళు గాలిని కలుపుకుంటాయి, తిండి కూడా కొట్టుకొస్తుంది. గట్టు దిగువన, వడి పక్కనే నెమ్మదిగా ఉండే నీటి అంచులో నిలబడి ఉంటాయి. మా కాలువలో లాకు దిగువన నురగలో చేపలు మూగేవి. మావయ్య అక్కడికే తీసుకెళ్ళేవాడు, కారణం చెప్పేవాడు కాదు. ఇన్నేళ్ళకి తెలిసింది.

తెల్లవారుజాము మాత్రం వేరే లోకం. సూర్యుడు చెట్ల పైకి వచ్చేలోపు, నీళ్ళు రాత్రంతా చల్లబడి ఉన్నప్పుడు, పైన తేలే ఎరే వేయాలి. నేను కట్టేది పాపర్. బుల్లి చెక్క చేపలా ఉంటుంది, నోరు గిన్నెలా లోపలికి తొలిచి ఉంటుంది. లాగితే 'బ్లుక్' అని నీళ్ళు ఉమ్ముతుంది. విసిరిన వెంటనే లాగకూడదు. పడ్డచోట లేచిన వలయాలన్నీ విచ్చుకుని మాసిపోయేదాకా ఆగాలి. ఒక్క కుదుపు, మళ్ళీ ఆగడం. ఆ ఆగినప్పుడే కింద ఏదో కాంస్యం రంగు మెరిసి, నీళ్ళు ఒక్కసారిగా పగిలిపోతాయి. గుండె నోట్లోకి వస్తుంది, చెయ్యి దానంతటదే లాగేస్తుంది. లాగితే పోయినట్టే. బరువు చేతికి తగిలాకే లాగాలి. కొరమీను కప్పని లాక్కుపోతుంటే మావయ్య నా చెయ్యి పట్టుకుని "ఉండరా, మింగనీ" అనేవాడు. మొదటి వేసవంతా ఆ మాట మర్చిపోయి పదిహేనో ఇరవయ్యో వదిలేసుకున్నాను. ఇప్పుడు నీళ్ళు పగిలినప్పుడల్లా ఆ చెయ్యి నా మణికట్టు మీద ఉన్నట్టే ఉంటుంది.

వాన పడితే లెక్క మారుతుంది. ఎగువన డంకానన్ దగ్గర జూనియాటా నది పడమటి వైపు నుంచి వచ్చి కలుస్తుంది. కలిసినా నీళ్ళు వెంటనే కలవవు. అక్కడ పిడుగులతో వాన కురిస్తే, హారిస్‌బర్గ్ దగ్గర పడమటి ఒడ్డున ఎర్రమట్టి నీళ్ళు, తూర్పు ఒడ్డున తేట నీళ్ళు పక్కపక్కనే పారుతుంటాయి. బురద వైపు ట్యూబ్ వేసి లాభం లేదు, చేప కంటికి ఆనదు. అక్కడ తెల్లటి స్పిన్నర్‌బెయిట్. రేకు గిర్రున తిరిగి నీళ్ళని అదరగొడుతుంది, చేప ఆ అదురుని ఒంటితో పసిగట్టి వస్తుంది. అదే గంటలో తేట వైపుకి నడిచి వెళితే మళ్ళీ ఆ పాచి రంగు ట్యూబే.

మా అమ్మకి మాత్రం ఇదంతా మింగుడు పడదు. వీడియో కాల్‌లో చేపని చూపిస్తే "ఎంత బాగుందిరా, పులుసు పెట్టించు" అంది. వదిలేశానమ్మా అంటే కాసేపు మాట్లాడలేదు. "పట్టినదాన్ని వదిలేయడమేంట్రా? తిననప్పుడు దాన్ని బాధపెట్టడం ఎందుకు?" నాకు సమాధానం చెప్పాలనిపించింది. 2005లో ఈ ఏట్లో స్మాల్‌మౌత్ పిల్లలు జబ్బుతో గుట్టలుగా చచ్చిపోయాయి. సంతతే అడుగంటింది. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఏటి మధ్యభాగంలో పట్టిన స్మాల్‌మౌత్‌ని అక్కడికక్కడే వదిలేయాలన్న నిబంధన పెట్టారు. ఇప్పుడు మళ్ళీ కోలుకుంటున్నాయి. ఇదంతా చెప్పాను. "మరి బాధో?" అంది అమ్మ. ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది. అప్పటినుంచి మూడు ముళ్ళ కొక్కేలు తీసేసి ఒంటి కొక్కేలు వేశాను, వాటి కొస దగ్గరుండే ఎదురు ముల్లుని కూడా శ్రావణంతో నొక్కేస్తాను. నీళ్ళలోంచి పైకెత్తకుండానే విడిపిస్తాను. వడగాడ్పులు వరసగా నాలుగు రోజులు తగిలితే ఏటికే వెళ్ళను. ఊపిరాడని చేపని ఆడించి వదిలితే, ఈదుకుంటూ వెళ్ళినా బతుకుతుందన్న నమ్మకం లేదు.

స్మాల్‌మౌత్ అసలు ఈ ఏటి చేప కాదని కూడా పెద్దాయనే చెప్పారు. 1854లో ఒహాయో నది వైపు నుంచి కొన్నింటిని రైలింజను నీళ్ళ తొట్టెలో వేసి కొండలు దాటించి పొటోమాక్‌లో వదిలారట. సస్క్వహానాకి కూడా ఆ శతాబ్దంలోనే తెచ్చారు. ఆ మాట చెప్పి నా వైపు చూసి, ఊరుకున్నారు.

జూలై చివరి నుంచి ఆగస్టులోకి సాయంత్రాలు తెల్ల ఈగలు లేస్తాయి. వైట్ ఫ్లై అంటారు. పొద్దుగూకిన గంటకి నీళ్ళలోంచి వేలు, లక్షలు. టోపీ మీద, కనురెప్పల మీద, దారం మీద వాలతాయి. ఒక్క రాత్రే వాటి బతుకు. దిగువన కొలంబియా, రైట్స్‌విల్ మధ్య వంతెన మీద 2015లో ఇలాంటి ఏటి ఈగలే దీపాలకి చేరి గుట్టలుగా పడితే, రోడ్డు జారి మోటారుసైకిళ్ళు పడిపోయాయి. ఆ గంటలో చేపలు క్రేఫిష్‌ని మర్చిపోతాయి. ట్యూబ్ ముక్కు దగ్గరికి వెళ్ళినా కదలవు, అన్నీ పైకి చూస్తుంటాయి. అప్పుడు పనికొచ్చేది బుల్లి తెల్ల పాపర్, లేదా గ్రబ్ అనే పురుగులాంటి తెల్ల రబ్బరు ఎర, నీటి పైపైన నెమ్మదిగా. మా వాడిని పోయినేడు అప్పుడే మొదటిసారి తీసుకెళ్ళాను. "నాన్నా, మంచు" అన్నాడు చెయ్యి చాపి.

ఈ ఏడు ఎక్స్‌టెన్షన్ ఆర్నెల్లకే ఇచ్చారు. డిసెంబరులో మళ్ళీ అదే టెన్షన్. పెద్దాయన సెప్టెంబరులో రిటైరవుతున్నారు. ఈ రాత్రి హారిస్‌బర్గ్ దగ్గర నీటిమట్టం చూశాను, మూడున్నర అడుగుల చిల్లర, ఎగువన ఎక్కడా వాన లేదు. ఒక రాడ్‌కి పాపర్ కట్టాను, రెండోదానికి 8వ వంతు గుండుతో ట్యూబ్. కొక్కేల ముళ్ళు నొక్కేశాను. తెల్ల గ్రబ్‌లు నాలుగు చొక్కా జేబులో వేసుకున్నాను, సాయంత్రం దాకా ఉంటామేమో. మా వాడి బూట్లు ఇంకా పోయిన వారం తడికి ఆరలేదు, బాల్కనీలో పెట్టాను. అలారం 4:15కి.