ఆరు వారాలు తేన్పు లేదు

అర్ధరాత్రి రెండింటికి దగ్గుతో లేచి కూచోవడం నాకు తొమ్మిదేళ్ల అలవాటు. నోటినిండా పుల్లటి నీళ్లు, గీరుకుపోయిన గొంతు, ముక్కు వెనకాల మంట. పొట్టలోని యాసిడ్ పైకి తన్నే జబ్బు, యాసిడ్ రిఫ్లక్స్. మంచం తలవైపు కోళ్ల కింద చెక్కదిమ్మలు పెట్టించాను. రాత్రి భోజనం ఏడింటికే ముగించేదాన్ని. పడుకుంటే ఎడమవైపే.

మాత్రలు వాడలేదా అంటే, వాడాను. మొదట పాంటప్రజోల్, తర్వాత ఎసోమెప్రజోల్, చివరికి పొద్దునొకటి, రాత్రొకటి, తినడానికి అరగంట ముందు. అబద్ధం ఎందుకు, ఛాతీలో మంట బాగా తగ్గింది. కానీ చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి వంగితే చాలు, తాగిన నీళ్లు గొంతులోకి వచ్చేవి. మాత్ర చేసే పని పొట్టలో యాసిడ్ తయారీని తగ్గించడం. తలుపు వెయ్యడం దాని పని కాదు. అన్నవాహిక అడుగున బిగుసుకుని ఉండాల్సిన కండరం వదులైపోతే పొట్టలోది పైకి వస్తూనే ఉంటుంది, కాకపోతే పులుపు తక్కువ. ఇంత చిన్న సంగతి నా బుర్రకెక్కడానికి ఏళ్లు పట్టింది.

ఎండోస్కోపీలో హయాటస్ హెర్నియా కనిపించింది. అంటే ఛాతీనీ పొట్టనీ వేరుచేసే డయాఫ్రమ్‌లోని రంధ్రం వెడల్పై, పొట్ట పైభాగం కొంచెం పైకి జారిందన్నమాట. ఇంకేం, ఆపరేషన్ తేదీ ఇస్తారనుకుని సర్జన్ దగ్గరికి వెళ్లాను. "ఇంకా రెండు పరీక్షలున్నాయి, అవయ్యాక మాట్లాడదామమ్మా" అన్నారాయన. నాకు ఒళ్లు మండింది. తొమ్మిదేళ్లుగా పడుతున్నది నేను, మళ్లీ రుజువులేమిటి?

ఆయన ఎందుకలా అన్నారో తర్వాత చదివితే తెలిసింది. 2019లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. మాత్రలకి మంట తగ్గలేదని వచ్చిన 366 మందిని పరీక్షలతో వడపోస్తే, ఆపరేషన్‌నీ మందుల్నీ పోల్చి చూడ్డానికి తగినవాళ్లు చివరికి 78 మందే మిగిలారు. 99 మందికి అసలు ఆ మంటకి యాసిడ్ కారణమే కాదు. ఆ మిగిలిన కొద్దిమందిలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకి ఏడాది తర్వాత 67 శాతం మందికి గుణం కనిపించింది, మందులు వాడినవాళ్లలో అందులో సగం కూడా లేదు. కోపం అక్కడితో దిగింది.

మొదటిది మానోమెట్రీ, మింగినప్పుడు అన్నవాహిక ఎంత బలంగా నొక్కుతుందో చూసే పరీక్ష. అందులో ముక్కులోంచి సన్నటి గొట్టం దింపి, చెంచాడు చెంచాడు నీళ్లిచ్చి పది సార్లు మింగమంటారు. గొట్టం దిగడం కష్టం కాదు. ఒక గుక్కకీ ఇంకో గుక్కకీ మధ్య అరనిమిషం మింగకుండా ఉండాలి చూడండి, అదీ కష్టం. మింగొద్దంటే చాలు, నోట్లో లాలాజలం ఎక్కడలేనంత ఊరుతుంది.

రెండోది పీహెచ్ పరీక్ష, అన్నవాహికకి యాసిడ్ ఎంతసేపు తగులుతుందో కొలిచేది. దానికి వారం ముందు మాత్రలు ఆపెయ్యాలి. నా మొత్తం కథలో అధమమైన వారం అదే. నిజం చెప్పాలంటే ఆపరేషన్ కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది. తర్వాత 24 గంటలు ముక్కులో గొట్టం, చెంపమీద ప్లాస్టర్, నడుముకి డబ్బా. మంట వచ్చినప్పుడల్లా ఒక బటన్ నొక్కాలి, తిన్నప్పుడొకటి, పడుకున్నప్పుడొకటి. తోడు వచ్చిన మా తమ్ముడు దీన్ని డ్యూటీలా తీసుకున్నాడు. నేను మొహం చిట్లిస్తే చాలు, "నొక్కావా అక్కా?" అనేవాడు. మొత్తం సమయంలో 4 శాతం లోపు యాసిడ్ తగిలితే మామూలు, 6 దాటితే జబ్బు ఉన్నట్టే. నాది 11. అంత బాధలోనూ ఆ అంకె చూసి సంతోషపడ్డాను, పిచ్చిదానిలా.

ఆపరేషన్ పేరు ఫండోప్లికేషన్. రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్ 1956లో ప్రచురించిన పద్ధతి. 1991 నుంచి ల్యాపరోస్కోపీతో చేస్తున్నారు. జారిన పొట్టని కిందికి లాగి, రంధ్రాన్ని కుట్టి బిగించి, పొట్ట పైభాగాన్ని అన్నవాహిక అడుగున మఫ్లర్‌లా చుట్టి కుడతారు. నిస్సెన్‌ది పూర్తి చుట్టు. నా అన్నవాహిక నొక్కుళ్లు కాస్త బలహీనంగా ఉన్నాయని మానోమెట్రీలో తేలింది కాబట్టి, నాకు వెనకనుంచి 270 డిగ్రీలే చుట్టే టూపే పద్ధతి ఎంచుకున్నారు. ఐదు చిన్న గాట్లు, సుమారు రెండు గంటలు. ఆ రెండు గంటల సంగతి నాకేం తెలుసు!

మెలకువ వచ్చాక పొట్టకన్నా కుడి భుజం ఎక్కువ నొప్పి పెట్టింది. లోపల నింపిన కార్బన్ డయాక్సైడ్ డయాఫ్రమ్‌ని చికాకుపెడితే నొప్పి భుజంలో తెలుస్తుందట. రెండు రోజులు నడిచాక తగ్గింది. వాంతి మాత్రం రాకూడదన్నారు, కుట్లు తెగుతాయని. అందుకు ముందే ఇంజెక్షన్ ఇచ్చారు.

నా గొడవల్లా డిశ్చార్జి కాగితంతోనే. "మెత్తటి ఆహారం" అని రెండు ముక్కలు రాసి పంపించేశారు. బ్రెడ్డు మెత్తగానే ఉంటుంది కదా! తొమ్మిదో రోజు ఒక ముక్క మింగాను. రొమ్ము ఎముక వెనక ఆగిపోయింది. పైకి రాదు, కిందికి పోదు. నీళ్లు తాగితే ఆ నీళ్లూ దానిమీదే నిలబడ్డాయి. నురుగులాంటి ఉమ్మి ఊరుతూంటే గిన్నె పట్టుకుని గదిలో నలభై నిమిషాలు పచార్లు చేశాను. ఉన్నట్టుండి లోపల ఏదో జారినట్టయి దిగిపోయింది. లోపలి వాపు తగ్గేదాకా బ్రెడ్డు జోలికి పోకూడదని, అది తడిసి ముద్దయి అడ్డం పడుతుందని మర్నాడు ఫోన్ చేస్తే చెప్పారు. ఆ ముక్క కాగితంమీద రాస్తే ఏం పోయింది?

ఇప్పటికి పద్నాలుగు నెలలు. మాత్రలు లేవు, చెక్కదిమ్మలు తీసేశాను. మఫ్లర్ ఎప్పుడైనా వదులవచ్చని, కొందరు ఏళ్ల తర్వాత మళ్లీ మాత్రలకి వస్తారని ముందే చెప్పారు. దానికి సిద్ధంగానే ఉన్నాను. కడుపు మాత్రం తొందరగా నిండిపోతుంది. గాలి ఎక్కువగా కిందినుంచే పోతుంది, ఇది ఎవరూ మర్యాదకి చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

అన్నట్టు తేన్పు సంగతి మర్చిపోయాను. ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు ఒక్కటీ రాలేదు. పొట్ట డోలులా బిగుసుకుని ఉండేది. పులితేన్పుల్ని తిట్టుకున్న నోటితోనే మామూలు తేన్పుకోసం మొక్కుకున్నాను. ఏడో వారంలో ఒక సాయంత్రం తమ్ముడితో ఫోన్లో మాట్లాడుతుంటే వచ్చింది, చిన్నది, పులుపు లేకుండా.

"ఏంటక్కా ఆ చప్పుడు?"

"తేన్పురా."

అటువైపునుంచి ఒక్క క్షణం ఆగి, "నొక్కావా?" అన్నాడు.