మామయ్య దుంగ, పీట్ డై గొయ్యి

మూడేళ్ల తర్వాత బరంపురం వెళ్లాను. మామయ్య ఇంటి గేటు పక్కన నల్లటి దుంగ ఒకటి కొత్తగా కనిపించింది. మేకు దిగిన కన్నంలో అత్తయ్య అగరొత్తి గుచ్చింది, చుట్టూ తుప్పు మరక.

"రైలు పట్టాల కింద వేసే స్లీపర్ రా. పాతకాలం సాల్ చెక్క. కాంక్రీటువి వచ్చాక వేలంలో కొన్నాను" అన్నాడు మామయ్య. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైనవాడు, ఆ దుంగ మీద కూర్చుంటే గానీ టీ దిగదు.

హైదరాబాద్‌లో ఓ గోల్ఫ్ కోర్సులో పచ్చిక చూసుకోవడం నా ఉద్యోగం. దుంగ చూడగానే పీట్ డై గుర్తొచ్చాడు. ఇండియానాపోలిస్‌లో ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముకునే మనిషి, గోల్ఫ్ కోర్సులు కట్టే పనిలోకి దిగాడు. 1963లో భార్య ఆలిస్‌తో స్కాట్లండ్ వెళ్లి, ప్రెస్ట్‌విక్ గోల్ఫ్ కోర్సులో ఇసుక గుంటల గట్లు జారకుండా రైలు స్లీపర్లు నిలబెట్టడం చూశాడు. తర్వాత అదే ఆయన ముద్ర అయిపోయింది.

"డబ్బున్నోళ్ల ఆటకి మా దుంగలా!" అని మామయ్య తెగ మురిసిపోయాడు.

మర్నాడు ముగ్గురం గోపాల్‌పూర్ బస్సెక్కాం. సీటు దొరకలేదు, అత్తయ్య దారంతా సణిగింది. దిగాక ఇసుక దిబ్బలు, సరుగుడు తోపు, మొగలి పొదలు. వల బాగుచేసుకుంటున్న ముసలాయన "ఏ ఊరు బాబూ?" అని తెలుగులోనే పలకరించాడు. ఒడిశాలో ఉన్నామన్న సంగతే మర్చిపోయాను.

ఒక దిబ్బ వెనక గొయ్యిలో వాన నీళ్లు నిలిచున్నాయి. అక్కడే కూర్చుని డై కట్టిన సాగ్రాస్ కోర్సు సంగతి చెప్పాను. ఫ్లోరిడాలో 415 ఎకరాల బురద నేల, ఒక్క డాలరుకి కొన్నది. డై కాగితం మీద పెద్దగా గీసేవాడు కాదు, నేల మీద నిలబడే మలిచేవాడు. 17వ హోల్, అంటే ఆటలో పదిహేడో అంచె, కట్టే చోట మంచి ఇసుక పడింది. కోర్సంతటికీ తవ్వి తీసుకెళ్తే చివరికి మిగిలింది పెద్ద గొయ్యి. అందులో నీళ్లు నింపి, బంతి చేరాల్సిన గ్రీన్‌ని మధ్యలో దీవిలా పెట్టమంది ఆలిస్. బంతి కొట్టే చోటు నుంచి దూరం 137 గజాలే, అయినా హేమాహేమీలకే చెమటలు పడతాయి. 1982లో అక్కడ టోర్నమెంట్ గెలిచిన జెర్రీ పేట్, డైని చెరువులోకి తోసి తనూ దూకాడు. 2020లో డై పోయాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న బిల్ కోర్, టామ్ డోక్ ఇప్పుడు కోర్సులు కట్టడంలో పెద్ద పేర్లు.

"అయితే ఆ గొయ్యి ఐడియా ఆవిడదే కదా?" అంది అత్తయ్య, మామయ్య వైపు చూస్తూ. ఆయన సముద్రం వైపు తిరిగాడు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు మెల్లగా అడిగాడు. "పెరట్లో ఇంకో రెండున్నాయి. మీ కోర్సువాళ్లు కొంటారేమో కనుక్కోరా."

"గేటు దగ్గరది మాత్రం ఇచ్చేది లేదు" అంది అత్తయ్య.