డర్హమ్ నుంచి ఇల్లెందు దాకా: పిల్లలతో బొగ్గు ఊళ్ళ పాత పటాలు చదవడం

ఇంగ్లండ్ ఈశాన్యాన డర్హమ్ కౌంటీలో పెరుగుతున్న తెలుగు పిల్లల చుట్టూ ఒకప్పటి బొగ్గు ఊళ్ళే. తాతగారిది ఇల్లెందో, కొత్తగూడెమో, బెల్లంపల్లో అయితే అదీ బొగ్గు ఊరే. ఇంగ్లండ్ ప్రాథమిక పాఠశాలల పాఠ్యప్రణాళికలో స్థానిక చరిత్ర ఉంది కాబట్టి, ఉన్న ఊరి పాత పటాలు పిల్లలు ఎలాగూ చూస్తారు. అది వంటబట్టాకే ఇల్లెందు పటం ముందు పెట్టాలి. ఈ వరస మార్చకూడదు. "మన ఊరి గొప్ప తెలుసుకో" అంటూ మొదలుపెడితే పదేళ్ళ పిల్ల పది నిమిషాల్లో లేచిపోతుంది. పటం చదవడం వచ్చిన పిల్ల మాత్రం రెండో ఊరిని తనంతట తానే వెతుక్కుంటుంది.

మొదటి పాఠానికి డర్హమ్ కౌంటీలోనే సముద్రం ఒడ్డున ఉన్న ఈజింగ్టన్ కాలరీ అన్న బొగ్గు ఊరు బాగుంటుంది. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వెబ్‌సైట్‌లో బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే పాత పటాలు ఉచితం. మైలుకు 25 అంగుళాల పటం తీసి, పక్కనే నేటి ఉపగ్రహ చిత్రం పెట్టుకునే వీలు అక్కడే ఉంది. అక్కడ బాయి, అంటే బొగ్గు గని, తవ్వడం మొదలైంది 1899లో. అందుకే 1890ల పటంలో సముద్రం ఒడ్డున పొలాలే కనిపిస్తాయి, పాత ఈజింగ్టన్ పల్లె కొంచెం లోపలికి ఉంటుంది. తర్వాతి పటంలో బారులు తీరిన ఇళ్ళు, బాయి, రైలు పట్టాలు ప్రత్యక్షమవుతాయి. 1993లో బాయి మూతపడింది, నేటి చిత్రంలో ఆ చోటు ఖాళీ. మూడు చిత్రాల్లోనూ కదలనివి ఏవో పిల్లల చేతే గుర్తు పెట్టించండి: చర్చి, పాత రోడ్ల కూడలి. ఈ అలవాటు ఇల్లెందులో చాలా పనికొస్తుంది.

ఇల్లెందు విషయంలో మొదటి చిక్కు పేరుతోనే. కంపెనీ పేరు సింగరేణి, తొలి బాయిలు మాత్రం ఇల్లెందులో. సింగరేణి అన్న పల్లె కారేపల్లి దగ్గర ఉంది. పిల్లలు మ్యాపులో "సింగరేణి" అని కొట్టి అక్కడికెళ్ళి, బాయిలేవీ లేవని తేల్చేస్తారు. పాత ఇంగ్లీషు గ్రంథాల్లో ఊరి పేరు ఎల్లండ్లపాడు, జనం నోట బొగ్గుట్ట. జిల్లా కూడా మారుతూ వచ్చింది: నిజాం కాలంలో వరంగల్, 1953 నుంచి ఖమ్మం, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. ఏ కాలం కాగితం కావాలో ఆ కాలపు జిల్లా పేరుతోనే వెతకాలి. నిజాం కాలపు కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటే దానికి 590 కలపండి, క్రీస్తు శకం దాదాపుగా వస్తుంది. హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో తవ్వకం హక్కులు పొందింది, సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది 1920 డిసెంబర్ 23న. ఈ రెండు తేదీలు గోడ మీద రాసిపెట్టుకుంటే దొరికిన ప్రతి కాగితాన్నీ వాటికి అటో ఇటో సర్దవచ్చు.

పటాల్లో సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీటు ముఖ్యం. ఇల్లెందు 65 సి/6లో పడుతుంది. రెండు సెంటీమీటర్లంటే ఒక కిలోమీటరు. ఇంట్లో ప్రింటు తీస్తే కాగితానికి సరిపడేలా కుదించుకుపోతుంది, కాబట్టి అంకెను నమ్మకుండా పటం కింది స్కేలు గీతతోనే కొలవాలి. అమెరికా సైన్యం 1950లలో వేసిన 1:250,000 పటాలు టెక్సస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఉచితం. వాటిలో ఇల్లెందు కావాలంటే ఎన్ఈ 44 గుంపు చూడాలి. ఆ స్కేలులో బాయిలూ బస్తీలూ వెతక్కండి, డోర్నకల్ నుంచి వచ్చే రైలు మార్గం కోసం మాత్రమే వాడండి.

పాత పటాన్ని నేటి చిత్రం మీద పరిచేటప్పుడు అక్షాంశ రేఖాంశాల అంకెలు నేరుగా కొట్టవద్దు. భూమి ఆకారాన్ని పాత భారతీయ పటాలు ఎవరెస్ట్ అన్న లెక్క మీద, ఫోను జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అన్న లెక్క మీద తీసుకుంటాయి. రెండూ కలవవు, ఊరంతా పక్కకు జరిగిపోతుంది. పటాలను ఒకదాని మీద ఒకటి పరిచే ఉచిత కంప్యూటర్ ప్రోగ్రాం క్యూజీఐఎస్‌లో, రెండు చిత్రాల్లోనూ ఉన్న ఐదారు కదలని గుర్తులు జత చేయండి: గుడి, చెరువు కట్ట మూల, రైలు వంతెన, పట్టాలు చీలేచోటు. వాగు మలుపులు పనికిరావు, అవి దారి మార్చుకుంటాయి. గుర్తులన్నీ ఒకే మూలన పెడితే అవతలి మూల సాగిపోతుంది, కాబట్టి నాలుగు వైపులా ఉండాలి. పాత షీటులో లేని గుట్ట ఉపగ్రహ చిత్రంలో కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. అది చాలాసార్లు ఓపెన్ కాస్ట్ (నేలను పైనుంచే తవ్వే గని) తవ్విపోసిన మట్టి.

ఇంత చేశాకే తాతయ్యకు వీడియో కాల్. "అప్పట్లో ఎట్లుండేది తాతా?" అని అడిగితే "మంచిగుండేది బిడ్డా" అన్న జవాబొస్తుంది, అక్కడితో సరి. పటం ఎదురుగా పెట్టుకుని అడిగితే మాట సాగుతుంది: మీ క్వార్టరు పట్టాలకు ఏ వైపు? బాయికి నడిచి ఎంతసేపు? మొదటి షిఫ్టుకు ఇంట్లోంచి ఎన్నింటికి బయల్దేరేవారు? సైరన్ ఇంటిదాకా వినపడేదా? నీళ్ళు ఎక్కడ పట్టేవారు? జీతం రోజు సంత ఎక్కడ? పావుగంట నడకంటే సుమారు కిలోమీటరు, పటం మీద రెండు సెంటీమీటర్లు. వృత్తలేఖినితో బాయి చుట్టూ గీస్తే క్వార్టర్లు ఆ గీత దరిదాపుల్లో ఉండాలి. అమ్మమ్మనూ నానమ్మనూ విడిగా అడగాలి. బస్తీ పటం వాళ్ళ తలలోనే ఉంటుంది, బాయి లోపలిది తాత తలలో.

సంవత్సరాలు అడిగితే పెద్దలు తడబడతారు. 1969 ఉద్యమానికి ముందా తర్వాతా, ఎమర్జెన్సీ అప్పటికి వచ్చిందా, ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యాకా అని అడగండి. బాయి పేరు చెబితే నంబరూ అడగాలి. 21 ఇంక్లైన్ (ఇంక్లైన్ అంటే ఏటవాలు దారిలో దిగే బాయి) లాగా నంబరే పేరైన బాయిలున్నాయి, బెల్లంపల్లిలో 2 ఇంక్లైన్ పేరుతో బస్తీయే ఉంది. ఇద్దరు పెద్దలు రెండు చోట్లు చూపిస్తే పిల్లలు ఒకటి కొట్టేయకుండా రెండూ రాయాలి. పటంలో ఉన్నది ఇంకుతో, నోటి మాట పెన్సిలుతో, పక్కనే చెప్పినవారి పేరూ తేదీ. తట్టా చెమ్మస్ (బొగ్గు ఎత్తే తట్ట, పార), మస్టర్ (హాజరు) వంటి బాయి మాటలు ఇంగ్లీషులోకి మార్చకుండా విన్నది విన్నట్టు తెలుగులోనే రాయించండి. తెలుగు లిపి రాని పిల్లకు ఆ కాగితం మీద రాయడానికి నిజమైన అవసరం పుడుతుంది, నకలు పుస్తకంతో అది రాదు.

సెలవుల్లో ఇల్లెందు వెళితే రైలు పట్టాల దగ్గర నుంచి మొదలుపెట్టి బయటికి నడవండి, పట్టాల దారి అన్నిటికంటే తక్కువ మారింది. ఓపెన్ కాస్ట్ లోపలికి అనుమతి లేకుండా వెళ్ళకూడదు. మూసిన పాత బాయిల మీది నేల ఎక్కడ కుంగుతుందో పైనుంచి తెలియదు. అందుకే ఫోటోలన్నీ రోడ్డు మీద నుంచే తీయించి, ప్రతి ఫోటో నిలబడ్డ చోటును పటం మీద అక్కడికక్కడే గుర్తు పెట్టించండి.