ట్యాంకు నాజిల్ ఎందుకు ఊడింది: నా అనుభవం

పటాన్‌చెరు దగ్గర ఎఫ్‌ఆర్‌పీ (గాజు పోగులను రెసిన్ అనే జిగురుతో అతికించి చేసే ప్లాస్టిక్) ట్యాంకులు చేసే ఒక చిన్న యూనిట్‌లో క్వాలిటీ పని చూస్తున్నప్పటి మాట. మేం పంపిన ఆసిడ్ ట్యాంకు ఆర్నెల్లకే నాజిల్ (పైపు తగిలించే మూతి) దగ్గర కారుతోందని ఫోన్ వచ్చింది. వెళ్లి చూస్తే నాజిల్ చుట్టూ వేసిన పొర ఓ పక్క లేచి ఉంది. రూపాయి బిళ్లతో కొడుతూ పోతే మంచి చోట టక్కుమంటోంది, నాజిల్ చుట్టూ జానెడు మేర డొల్లగా పలుకుతోంది. ట్యాంకు ఖాళీ చేయించి ఆ భాగాన్ని కోయించి తెచ్చుకున్నాను. ఊడిన ముఖాలను ఒకదానికొకటి ఆనించవద్దని అందరికీ గట్టిగా చెప్పాను. అవి రుద్దుకుంటే సాక్ష్యం చెరిగిపోతుంది.

షాపులో అందరిదీ ఒకటే మాట: గట్టిపడేలా చేసే కెటలిస్ట్ తక్కువ పడి రెసిన్ పచ్చిగా మిగిలిందని. నేనూ అదే అనుకున్నాను. కానీ గట్టితనం కొలిచే బార్కోల్ మీటరు 38 చూపించింది, మేం వాడే పాలిస్టర్ రెసిన్‌కు అది మంచి గట్టితనమే. అసిటోన్‌తో తుడిచినా జిగట లేదు. ఒక ముక్కను ఫర్నేసులో 565 డిగ్రీల దగ్గర కాల్చి, మిగిలిన గాజును తూచాం. సుమారు 30 శాతం. చాప్డ్ మ్యాట్‌తో (తరిగిన గాజు పోగుల పరుపు) చేత్తో వేసిన పనికి అంతే ఉంటుంది. రెండు రోజులు ఒకటే టెన్షన్.

చివరికి లేచిన పొర అడుగు ముఖాన్ని లెన్సు కింద పెట్టి చూశాను. నున్నగా మెరుస్తోంది. ఒక్క పోగూ చిరగలేదు. పొరలు నిజంగా అతుక్కుని ఉంటే, విడిపోయేటప్పుడు గాజు పోగులు చిరిగి పైకి లేవాలి. అంటే అతుకు తెగలేదు, అసలు పడనే లేదు.

పాత మేస్త్రీని అడిగాను. "ట్యాంకు శనివారం అయిపోయింది సార్. నాజిల్ సోమవారం పెట్టాం, గ్రైండింగ్ చేయలేదు" అన్నాడు దాచకుండా. గాలి తగిలితే పాలిస్టర్ పైపొర సరిగా ఆరదు కాబట్టి ఆఖరి కోటులో కొంచెం మైనం కలుపుతాం. అది పైకి తేలి గాలిని ఆపుతుంది. ఆ మైనం మీదే కొత్త మ్యాట్ వేశారు.

నమ్మకం కుదరడానికి రెండు శాంపిళ్లు చేశాం. ఒకటి గ్రైండ్ చేసి, ఒకటి చేయకుండా. ఉలి పెట్టి లేపితే రెండోది అట్టలా మొత్తంగా వచ్చేసింది. మొదటిదాన్ని పోగులు చించితే గానీ విడదీయలేకపోయాం.

అదే వారం చేసిన మిగతా రెండు ట్యాంకులకూ బిళ్ల పట్టుకుని వెళ్లాను. ఒకదాని నాజిల్ దగ్గర అదే డొల్ల శబ్దం. కారకముందే విప్పించి, పోగు కనిపించేదాకా గ్రైండ్ చేయించి మళ్లీ వేయించాం.